మైలేజీ పెరిగిందని ఎలా తెలుసుకోవాలి?

పుణె నగర తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం



ఈ వేదిక మీద సాధారణంగా భాషను గురించి, పండుగలను గురించి, పిల్లల చదువులను గురించి పెద్దలు మాట్లాడుతూ ఉంటారు. నాకు ఆ అర్హత లేదు. పింప్రీ-చించ్‌వడ్‌లోని ఒక కర్మాగారంలో ఇంజన్లను పరీక్షించే విభాగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఇంజన్ ఎంత తాగింది, ఎంత పని చేసింది అని కొలవడం తప్ప నాకు మరొక విద్య రాదు. అయితే ఈ సభలో కూర్చున్నవారిలో సగం మందికి పైగా బండి నడిపి బ్రతికేవారో, ఇంట్లో ఒక బండి ఉన్నవారో అయి ఉంటారు. షోలాపురం మగ్గాలు వదలి వచ్చినవారున్నారు, పాలమూరు నుండి మేస్త్రీ పనికి వచ్చి క్రమంగా స్టీరింగు పట్టుకున్నవారున్నారు. పెట్రోలు ధర వారికి వార్త కాదు, ప్రతిరోజూ చేసే ఖర్చు. ఆ ఖర్చును తగ్గిస్తామని చెప్పి అమ్మేవారు మన మధ్యకు తరచుగా వస్తున్నారు. వారు చెప్పేది నిజమో కాదో మనమే తేల్చుకొనే మార్గం ఒకటున్నది. దానిని గురించి చెప్పడానికే నిలబడ్డాను.

మొదట మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. పేరు చెప్పను, వాడు ఇక్కడే వెనుక వరుసలో కూర్చుని ఉన్నాడు. వరుసకు నా మేనల్లుడు. పాత పెట్రోలు కారు ఒకటి కొని, పగలు హింజవడి కార్యాలయాలకు ఉద్యోగులను చేర్చడం, రాత్రి విమానాశ్రయం కిరాయిలు తీసుకోవడం వాడి పని. ఒకనాడు మా ఇంటికి వచ్చి, బానెట్ ఎత్తి, పెట్రోలు వెళ్లే రబ్బరు గొట్టానికి బిగించిన ఒక నల్లని బిళ్లను చూపించాడు. రెండు అయస్కాంతపు ముక్కలు, నడుమ గొట్టం. ఖరీదు 3,200 రూపాయలు.

“మామయ్యా, ఇది పెట్టకముందు లీటరుకు పదమూడున్నర వచ్చేది. ఇప్పుడు పదిహేను మీద నాలుగు వచ్చింది. రాసి పెట్టుకున్నాను, కావాలంటే చూడు” అన్నాడు.

రాసి పెట్టుకోవడం చూసి సంతోషించాను. అయితే అంతటితో ఆగలేదు. ఆ బిళ్ల అమ్మినతను వీడికి పుణెలోని తెలుగు డ్రైవర్లందరికీ అమ్మే ఏజెన్సీ ఇస్తానన్నాడట. దానికి లక్షన్నర డిపాజిట్. భార్య గాజులు తాకట్టు పెట్టగా ఇంకా యాభై వేలు తక్కువ పడుతున్నది, అందుకని నా దగ్గరికి వచ్చాడు. వీడి మాట నమ్మి కొనబోయేవారు వేరెవరో కాదు, వీడితో కలిసి టీ తాగేవారు, వీడి పెళ్లికి వచ్చినవారు. రేపు ఆ వస్తువు పనికిరానిదని తేలితే వారు కంపెనీని నిలదీయరు. కంపెనీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. వీడినే అడుగుతారు.

నేను డబ్బు సంగతి పక్కన పెట్టి రెండు ప్రశ్నలు వేశాను. ఆ పదమూడున్నర ఏ రోజుల్లో వచ్చింది? గణపతి ఉత్సవాల పది రోజులలో. ఆ రోజుల్లో లక్ష్మీ రోడ్డు, తిలక్ రోడ్డు చుట్టుపక్కల బండి కదలిక ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనవసరం లేదు. ఇంజన్ తిరుగుతూ ఉంటుంది, చక్రం మాత్రం తిరగదు. మరి ఆ పదిహేను మీద నాలుగు? దసరా సెలవులలో భార్యాబిడ్డలను తీసుకొని షోలాపురం వెళ్లి వచ్చిన ట్యాంకులో. అంటే మొదటి అంకె నిమజ్జనం రద్దీది, రెండవ అంకె జాతీయ రహదారిది. బిళ్ల ఆ రెండింటి మధ్య వచ్చి చేరింది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే దానిని మన శాస్త్రకారులు కాకతాళీయం అన్నారు. వాడికి ఆ మాట రుచించలేదు. “నా బండి సంగతి నాకు తెలియదా మామయ్యా?” అని నొచ్చుకున్నాడు.

తెలుసు. కాని తెలిసినదేమిటో విడదీసి చూడాలి. ఇటువంటి పరికరాలను మనిషి ఎప్పుడు కొంటాడు? మైలేజీ బాగా పడిపోయి, విసిగిపోయినప్పుడు. బాగా పడిపోయిన అంకె సహజంగానే మరుసటి నెలలో కొంత పైకి లేస్తుంది, ఏ పరికరమూ లేకపోయినా లేస్తుంది. ఇక డబ్బు పెట్టి కొన్న తరువాత, అది పనిచేస్తున్నదో లేదో చూడాలన్న ధ్యాసతో మనం యాక్సిలరేటరు మీద పాదం కాస్త తేలికగా వేస్తాం, సిగ్నల్ దగ్గర ముందుగానే వేగం తగ్గిస్తాం. మనకు తెలియకుండానే చేస్తాం. ఆదా అయిన పెట్రోలు నిజమే. ఆ ఘనత మాత్రం బిళ్లకు పోతుంది.

పాతకాలపు కోమటి కొట్లలో ఒక మాట ఉండేది, ఈ తరం వారు విని ఉండకపోవచ్చు. త్రాసు రెండు పళ్లాలూ ఖాళీగా ఉన్నప్పుడే ముల్లు ఒక వైపు మొగ్గితే దానిని పాసంగం అనేవారు. జాగ్రత్త గల గృహిణి సరుకు తూచకముందే పాసంగం చూపించమని అడిగేది. మన పరీక్ష కూడా అక్కడే మొదలు కావాలి. పరికరం ఏదీ లేకుండా, ఏమీ మార్చకుండా, అదే బండిని అదే దారిలో మూడు సార్లు నడిపితే మూడు వేర్వేరు అంకెలు వస్తాయి. ఆ మూడింటి మధ్య తేడా ఎంతో అదే మన త్రాసు పాసంగం. పరికరం వల్ల వచ్చిన తేడా దానికన్న పెద్దది కాకపోతే మనం ఏమీ చెప్పలేము.

పాసంగం ఎక్కడెక్కడ నుండి వస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసమంతా అక్కడే దాగి ఉంటుంది.

మొదటిది బంకు. ఇక్కడివారు పంపు అంటారు. ట్యాంకు నిండగానే నాజిల్ టక్కుమని ఆగుతుంది కదా, ఆ ఆగడం అన్ని చోట్లా ఒకే మట్టం దగ్గర జరగదు. బండి కొంచెం ఒరిగి నిలబడినా, నాజిల్ లోతులో తేడా ఉన్నా, ప్రవాహం వేగంగా ఉన్నా అర లీటరు అటూ ఇటూ కావచ్చు. పది లీటర్లు నింపేచోట అర లీటరంటే అయిదు శాతం. పైగా మన పిల్లలు “ఇంకొంచెం, ఇంకొంచెం” అని మెడ దాకా పోయిస్తారు. అలా పోయించడం లెక్కకూ చేటు, ట్యాంకు ఆవిరులను పట్టే ఏర్పాటుకూ చేటు.

రెండవది దారి ఎత్తుపల్లాలు. పుణె సముద్రమట్టానికి సుమారు 560 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడి నుండి ముంబై వెళ్తూ లెక్క చూసుకున్నవాడు మురిసిపోతాడు, తిరిగి వస్తూ చూసుకున్నవాడు మెకానిక్ దగ్గరికి పరుగెడతాడు. 1,200 కిలోల కారును అంత ఎత్తుకు ఎక్కించడానికి లెక్క ప్రకారం ముప్పాతిక లీటరు పైచిలుకు పెట్రోలు అదనంగా కావాలి. షోలాపురం దారి చదునుగా కనిపిస్తుంది కాని అదీ పల్లమే, అక్కడికి చేరేసరికి సుమారు వంద మీటర్లు దిగి ఉంటాము. కనుక ఏ పరీక్ష అయినా పోయి, అదే దారిన తిరిగి వస్తేనే లెక్క. గాలికీ ఇదే నియమం.

ఘాట్ మాట వచ్చింది కనుక ఒక్క మాట. బోర్ ఘాట్‌లోను, ఖంబాట్కీలోను గేరు తీసి న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందని నమ్మేవారు ఇంకా ఉన్నారు. అది ప్రాణాంతకం. లాభం కూడా లేదు. ఇప్పటి ఇంజన్లలో గేరు ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజెక్టరు ఇంధనాన్ని పూర్తిగా ఆపివేస్తుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆరిపోకుండా ఉండడానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది.

మూడవది పెట్రోలే. మనం కొనే పెట్రోలు కొన్నేళ్లుగా మారుతూ వచ్చింది. ఇప్పుడు అందులో నూటికి 20 పాళ్ల వరకు ఇథనాల్ కలుస్తున్నది. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 మాత్రమే. 2021లో నీతి ఆయోగ్ ప్రకటించిన నివేదికలోనే, ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి 10 పాళ్ల మిశ్రమానికి సరిదిద్దిన కార్లలో 20 పాళ్ల మిశ్రమం వాడితే మైలేజీ 6 నుండి 7 శాతం తగ్గవచ్చునని రాశారు. కనుక మూడు నాలుగేళ్ల క్రితం రాసుకున్న అంకెతో నేటి అంకెను పోల్చి బండి పాడైందనుకోవడం తప్పు. అటువంటి బెంగలో ఉన్నవారికే ఈ పరికరాలు ఎక్కువగా అమ్ముడవుతున్నాయి.

మిగిలినవి త్వరగా చెబుతాను. ఏసీ, టైర్ల గాలి, చల్లని ఇంజన్‌తో చేసే చిన్న ప్రయాణాలు, తడిసిన రోడ్డు, బండిలోని మనుషుల బరువు. ఇక టైరు సైజు మార్చినవారి సంగతి ప్రత్యేకం. కిలోమీటర్లను లెక్కించేది చక్రపు చుట్లే. వ్యాసం నాలుగు శాతం పెద్దదైన టైరు వేస్తే మీటరు నాలుగు శాతం తక్కువ దూరం చూపిస్తుంది, చిన్న టైరు వేస్తే ఎక్కువ చూపిస్తుంది. చిన్న టైరు వేసి మైలేజీ పెరిగిందన్నవాడిని నేను చూశాను. రహదారి పక్కన ఉన్న కిలోమీటరు రాళ్లతో మీటరును సరిచూసుకుంటే ఆ భ్రమ తొలగుతుంది.

ఈ కారణం చేతనే పెద్ద పరీక్షాశాలలవారు రోడ్డును నమ్మరు. మన నగరంలోనే వేతాళ్ టేకిడీ దగ్గర ఏఆర్‌ఏఐ ఉన్నది, 1966లో ఏర్పడింది. కొత్త కారు ప్రకటనలో కనిపించే మైలేజీ అంకె అటువంటి ప్రయోగశాలలో పుడుతుంది. కారును రోలర్ల మీద నిలిపి, గది ఉష్ణోగ్రతను అదుపులో ఉంచి, తెర మీద గీత ఎక్కడ పైకి వెళ్తే అక్కడ వేగం పెంచుతూ, ఎక్కడ దిగితే అక్కడ తగ్గిస్తూ నడుపుతారు. ఎంత పెట్రోలు ఖర్చయిందో ట్యాంకులో చూడరు. పొగ గొట్టం నుండి వచ్చిన వాయువులలో కర్బనం ఎంత ఉన్నదో కొలిచి, అంత కర్బనం రావాలంటే ఎంత పెట్రోలు కాలి ఉండాలో లెక్క కడతారు. నాకు ఇది చాలా అందమైన లెక్కగా తోస్తుంది.

లారీలకు మరొక పద్ధతి ఉన్నది. అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం రూపొందించిన జె1321 అనే ప్రమాణం ప్రకారం ఒకే రకం లారీలు రెండింటిని ఒకే దారిన నడుపుతారు. ఒకదానికి ఏమీ మార్చరు. రెండవదానికి పరికరం బిగిస్తారు. ఇంధనాన్ని లీటర్లలో కాక, ట్యాంకును తీసి తూకం వేసి చూస్తారు. గాలి వీచినా, ఎండ కాసినా రెండింటికీ సమానమే కనుక వాటి నిష్పత్తి చెదరదు. ఆ నిష్పత్తి పదేపదే నిలకడగా వస్తే తప్ప ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోరు.

మనకు రోలర్లు లేవు, రెండు లారీలు లేవు. ఒక కారు, ఆరు ఆదివారాలు ఉన్నాయి. కార్తీక మాసంలో వానలు వెనుకబట్టాక మొదలుపెట్టాము. హడప్సర్‌లోని ఒక బంకులో, ఒకే యంత్రం దగ్గర, చక్రాలు నిలిపిన చోట సుద్దముక్కతో గీత గీసుకొని, నాజిల్ మొదటిసారి ఆగగానే ఆపించేవాళ్లం. తెల్లవారుజామున అయిదు గంటలకు బయలుదేరి, ఉరుళీ కాంచన్, యవత్ మీదుగా భిగ్వణ్ దాకా వెళ్లి, అదే దారిన తిరిగి వచ్చి, అదే గీత మీద బండి నిలిపి మళ్లీ నింపించేవాళ్లం. 204 కిలోమీటర్లు. వేగం 80, ఏసీ లేదు, అద్దాలు మూసి, మనుషులు ఇద్దరే. బయలుదేరే ముందు చల్లని టైర్లలో గాలి సరిచూసేవాడిని.

బిళ్ల ఎప్పుడు ఉన్నదో, ఎప్పుడు లేదో నడిపేవాడికి తెలియకూడదు. అది అన్నిటికన్న ముఖ్యం. శనివారం రాత్రి మా అబ్బాయి చీటీ తీసి, చీటీలో ఉన్న ప్రకారం బిళ్లను పెట్టడమో తీయడమో చేసి, బానెట్ అంచున కాగితం అతికించి సంతకం పెట్టేవాడు. నాకూ చెప్పేవాడు కాదు. ఆరు వారాలు పూర్తయ్యాకే చీటీల కవరు విప్పాము. ఎంత తేడా వస్తే బిళ్ల గెలిచినట్లు అన్నది కూడా ముందే కాగితం మీద రాసుకున్నాము. ఇది లేకపోతే తరువాత మాటలు మారతాయి. “వెయ్యి కిలోమీటర్లు అలవాటు పడాలి”, “మీ పెట్రోలులో కల్తీ ఉన్నది”, “చలికాలంలో నెమ్మదిగా పనిచేస్తుంది” వంటి సాకులు అమ్మేవారి దగ్గర సిద్ధంగా ఉంటాయి.

ఫలితం చెబుతాను. బిళ్ల లేని మూడు వారాలలో పట్టిన పెట్రోలు 11.42, 11.61, 11.38 లీటర్లు. బిళ్ల ఉన్న మూడు వారాలలో 11.49, 11.66, 11.31. సగటు చూస్తే బిళ్ల లేనప్పుడు 11.47, ఉన్నప్పుడు 11.49. ఏమీ మార్చని మూడు ప్రయాణాల మధ్యనే 0.23 లీటరు తేడా ఉన్నది, అది రెండు శాతం. అది మా పాసంగం. బిళ్ల తెచ్చిన తేడా అందులో పదవ వంతు కూడా లేదు, అదీ నష్టం వైపు. ప్రతి ప్రయాణం తరువాత, ఈ రోజు బిళ్ల ఉన్నదా లేదా చెప్పమని మేనల్లుడిని అడిగి రాసుకున్నాను. ఆరింటిలో మూడు సరిగా చెప్పాడు. నాణెం ఎగురవేసినా అంతే.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ బిళ్ల ఒక శాతం మేలు చేస్తుంటే మా పరీక్ష దానిని పట్టుకోలేదు. మా త్రాసు అంత సన్నని తూకానికి పనికిరాదు. కాని అమ్మినతను చెప్పినది ఒక శాతం కాదు, ఇరవై శాతం. ఇరవై శాతమంటే రెండు లీటర్ల పైచిలుకు. అంతటి ఏనుగు మా త్రాసులో కూర్చుంటే కనబడకుండా పోదు.

“మీ త్రాసుకు అసలు ఏదైనా కనిపిస్తుందా?” అని మేనల్లుడే అడిగాడు. మంచి ప్రశ్న. ఆ ఆరు వారాలూ కారు పైన సామాన్ల క్యారియర్ ఉన్నది. దానిని విప్పి మరి రెండు ఆదివారాలు అదే దారిలో వెళ్లాము. 10.94, 10.87. దాదాపు అయిదు శాతం తగ్గింది. అంటే నిజమైన తేడా ఉంటే మా సుద్దగీత పద్ధతికి అది దొరుకుతుంది. క్యారియర్ విప్పడానికి స్పానరు, పది నిమిషాలు చాలు, ఖర్చు శూన్యం. అయినా వాడు దానిని మళ్లీ బిగించాడు. విమానాశ్రయం కిరాయిలకు అది లేకపోతే కుదరదట. తన లెక్క తను వేసుకున్నాడు, నేను కాదనలేదు.

పరీక్షకు ఏడు వేల రూపాయలకు పైగా పెట్రోలు ఖర్చయింది. అది నేనే భరించాను. యాభై వేలు అప్పు ఇవ్వడం కన్న చౌక. ఏజెన్సీ తీసుకోలేదు, గాజులు విడిపించుకున్నారు. బిళ్ల ఇప్పుడు వాళ్ల ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద కరెంటు బిల్లును పట్టుకొని ఉన్నది. అయస్కాంతంగా అది మంచి వస్తువే.

మా అనుభవం కొత్తది కాదు. అమెరికా ప్రభుత్వపు పర్యావరణ సంస్థ 1970ల నుండి ఇటువంటి పరికరాలను వందకు పైగా పరిశీలించింది. మైలేజీని చెప్పుకోదగినంత పెంచినది వాటిలో కనబడలేదని అక్కడి వాణిజ్య సంస్థ వినియోగదారులను హెచ్చరించింది. కొన్నింటి వల్ల పొగ ఎక్కువైంది కూడా. ఇందుకు కారణం కష్టమైనది కాదు. “మా పరికరం పెట్రోలును పూర్తిగా మండిస్తుంది” అని వారంటారు. మంచి స్థితిలో ఉన్న నేటి ఇంజన్‌లో పెట్రోలు ఇప్పటికే నూటికి 97, 98 పాళ్లు మండిపోతున్నది. మండకుండా మిగిలే రెండు మూడు పాళ్లలో ఇరవై శాతం లాభం ఎక్కడి నుండి తీస్తారు? ఇంజన్ నష్టపోయేది మండకపోవడం వల్ల కాదు, మండిన వేడిలో అధిక భాగం పొగలోను, రేడియేటరులోను పోవడం వల్ల.

నీటి నుండి వాయువు తీసి ఇంజన్‌కు ఇచ్చే కిట్టు సంగతి కూడా అడుగుతున్నారు. పెట్రోలులోని వంద పాళ్ల శక్తిలో ఇంజన్ పనిగా మార్చేది సుమారు ఇరవై అయిదు. దానిని ఆల్టర్నేటరు కరెంటుగా మార్చితే పదిహేను మిగులుతుంది. ఆ కరెంటుతో నీటిని విడగొడితే వాయువులో పది పాళ్లు. ఆ వాయువును తిరిగి అదే ఇంజన్‌లో మండిస్తే రెండున్నర పాళ్ల పని. వంద ఇచ్చి రెండున్నర తీసుకొనే వ్యాపారం మనవారెవరూ చేయరు.

గాలి ఫిల్టరు మార్చితే మైలేజీ పెరుగుతుందన్న మాట పాత కార్బురేటరు బండ్ల నాటిది. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వారు ఇంజెక్షన్ పెట్రోలు కార్లలో ఫిల్టరును కావాలని మూసి పరీక్షిస్తే మైలేజీలో చెప్పుకోదగిన తేడా రాలేదు, వేగం పుంజుకోవడం మాత్రం మందగించింది. ఆక్సిజన్ సెన్సారు గాలిని చూసి పెట్రోలును సరిచేస్తుంది కనుక అలా జరిగింది. ఫిల్టరు మార్చవద్దని నేననడం లేదు. ఇంజన్ ఆయుష్షు కోసం మార్చండి.

టైర్లలో గాలి నిజంగా ఫలమిస్తుంది, కాని మనమనుకున్నంత కాదు. సగటున ఒక్కొక్క పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. పది పీఎస్‌ఐ తగ్గితే రెండు శాతం. నైట్రోజన్ నింపిస్తే మేలా అని ఇందాక ఒక సోదరుడు అడిగారు. మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్లు నైట్రోజన్. అది కొంచెం నెమ్మదిగా కారుతుంది, అంతే. పీఎస్‌ఐ సమానంగా ఉంటే మైలేజీ సమానమే.

సీఎన్‌జీ వేరు విషయం. అది డబ్బు ఆదా చేస్తుంది, కాని కిలోకు ఇన్ని కిలోమీటర్లు, లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని పక్కపక్కన పెట్టి చూడకూడదు. కిలో సీఎన్‌జీలో లీటరు పెట్రోలు కన్న దాదాపు ఒకటిన్నర రెట్ల శక్తి ఉంటుంది. కిలోమీటరుకు ఎన్ని రూపాయలు అని మాత్రమే పోల్చండి. కిట్టు ఆమోదం పొందినదై ఉండాలి, ఆర్‌సీలో నమోదు కావాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం నమోదులో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019 సవరణ తరువాత, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా ఉండవచ్చు. సెన్సారు తీగలను కోసి బిగించే పెట్టెల విషయంలో దీనిని గుర్తుంచుకోండి. అవి డ్యాష్‌బోర్డు మీది మైలేజీ అంకెను మార్చగలవు. ట్యాంకులోని పెట్రోలును ఎక్కువ చేయలేవు.

అందరికీ ఆరు ఆదివారాలు, ఏడు వేల రూపాయలు ఉండవని నాకు తెలుసు. రోజూ తిరిగే పనిలోనే చేయదలచినవారు రెండు వారాలు ఏమీ లేకుండా, రెండు వారాలు పరికరంతో, మళ్లీ రెండు వారాలు అది తీసివేసి నడపండి. చివరి రెండు వారాలను ఎవరూ చేయరు, అసలు సాక్ష్యం అక్కడే ఉన్నది. పరికరం తీసినా పెరిగిన మైలేజీ అలాగే ఉంటే, దానికి కారణం పరికరం కాదన్నమాట. ప్రతి విడతలోను కనీసం వంద లీటర్లు ఖర్చయ్యేలా చూసుకుంటే నాజిల్ దగ్గర వచ్చే అర లీటరు తేడా అర శాతానికి దిగుతుంది. మీటరు అంకె, లీటర్లు, తేదీ, ఏసీ వేశారా లేదా, ఊరి లోపలా రహదారా, ఈ అయిదూ రాస్తే చాలు. రసీదులు పారవేయకండి, వాటి మీది ఇంకు ఎగిరిపోతుంది కనుక అదే రోజు రాసుకోండి.

వచ్చే నెల రెండవ ఆదివారం ఉదయం ఇదే ప్రాంగణంలో ఉంటాను. టైర్ల గాలి చూసే గేజి తెస్తాను. ఎవరైనా ఏ పరికరమైనా కొని ఉంటే, సిగ్గుపడకుండా తీసుకొని రండి. ఇంకా కొననివారు అమ్మేవారిని కూడా వెంట తీసుకొని రావచ్చు. చీటీలు మా అబ్బాయి తీస్తాడు.